జోస్యులుగారి కంప్యూటర్ ఆగిపోయిన వేసవి

ఊరికే అన్న మాట

పూర్తిగా చెడిపోయిన కంప్యూటర్‌తో నాకు ఎప్పుడూ పేచీ లేదు. స్విచ్ వేస్తే వెలగదు. వెలగకపోవడానికి కారణం దానిలోనే ఎక్కడో ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. మనల్ని ఏడిపించేది ఇంకో రకం. పొద్దున బాగా పనిచేస్తుంది, మధ్యాహ్నం బాగా పనిచేస్తుంది, తరువాత ఎవరూ అనుకోని క్షణంలో బిగుసుకుపోతుంది. తెర మీద అక్షరాలు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. కీబోర్డు మీద నమ్ లాక్ మీట నొక్కితే దాని చిన్న లైటు కూడా పలకదు. ఆపి మళ్ళీ వేస్తే ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది. కస్టమర్ ఫోన్ చేసి, "సార్, ఊరికే హ్యాంగ్ అవుతా ఉంది" అంటాడు. మనం వెళ్ళేసరికి బుద్ధిగా పనిచేస్తూ ఉంటుంది.

నేను చెన్నైలో కంప్యూటర్ సర్వీస్ ఇంజనీరుగా చేరేటప్పటికి ఆ ఊరిని ఇంకా మద్రాసు అనేవాళ్ళు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను ఏ కోర్సు చదవాలని అడుగుతారు. కోర్సుల సంగతి నాకు తెలియదు. నాకు తెలిసింది ఒకటే. 'ఊరికే' ఆగే మిషన్ ఈ భూమ్మీద లేదు. ఆగినప్పుడు అక్కడ ఏదో ఒకటి జరుగుతూ ఉంటుంది. అది మన కళ్ళెదుట జరగదు, అంతే.

వాషర్‌మెన్‌పేటలో ఒక పప్పుల వ్యాపారి కంప్యూటర్ రోజూ ఆగేది. పక్క కొట్టువాడు పిండిమర మోటారు వేసినప్పుడు కరెంటు ఒక్క క్షణం కుంగేదని తెలుసుకోవడానికి నేను ఆ పిండిమర ముందు నిలబడవలసి వచ్చింది. రాయపురంలో చేపల ఎగుమతి ఆఫీసులో ఉప్పుగాలికి మెమరీ కార్డుల అంచులు నల్లబడేవి. స్కూలు పిల్లల రబ్బరుతో ఆ అంచులు రుద్ది మళ్ళీ బిగిస్తే ఆరునెలలు ఢోకా ఉండేది కాదు. నా పనిముట్ల సంచిలో ఖరీదైన మీటరు పక్కన ఎప్పుడూ ఒక రబ్బరు ఉండేది. ఇవి సులభమైన కేసులు. నాకు ఈ వృత్తిని నిజంగా నేర్పింది చింతాద్రిపేట కేసు.

టై, సంచి, ఇంటిపేరు

దానికి ముందు నా గురించి కొంచెం చెప్పాలి. గొప్పలు చెప్పుకోవడానికి కాదు, కేసు అర్థం కావడానికి.

మాది తిరుత్తణి వైపు ఒక చిన్న జమీను. ముత్తాత నాడు వెలిగింది, తాత నాడు మసకబారింది, నాన్న నాటికి కోర్టు కాగితాలు మాత్రం మిగిలాయి. మద్రాసులో ముత్తాత పేరు పెట్టిన వీధి ఒకటి ఉండేది. ఆ వీధిలోనే మేము ఒక ఇంటి వెనుక భాగంలో అద్దెకు ఉండేవాళ్ళం. పోస్టుమాన్ కొత్తవాడైతే నాన్న ఇంటిపేరునూ వీధి పేరునూ మార్చి మార్చి చూసి, "రెండూ ఒకటేనా సార్?" అనేవాడు. నాన్న జవాబు చెప్పకుండా ఉత్తరం తీసుకునేవాడు. నడుము వంచకుండా తీసుకునేవాడు. నాకు ఆయన వదిలివెళ్ళిన ఆస్తి ఆ నడుమే.

ఉద్యోగంలో చేరినప్పుడు నాకు నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. ఎంత ఎండలోనైనా పొడుగు చేతుల చొక్కా, టై. వీధి వాకిలి గుండానే లోపలికి వెళ్ళడం. కస్టమర్ ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకపోవడం. పని అయిన మరుక్షణం సంచి మూసి బయటపడటం. మా తోటి ఇంజనీర్లు కాఫీలు తాగి, టిఫిన్లు తిని, కబుర్లు చెప్పి వచ్చేవాళ్ళు. నన్ను చూసి నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకున్నాను. ఈ రోజుకీ ఆ నియమాల్లో దేనికీ నేను సిగ్గుపడను. మనిషికి ఇల్లు పోవచ్చు, పొలం పోవచ్చు, తన నిలువు తను పోగొట్టుకోకూడదు.

మా సర్వీస్ మేనేజర్ సెల్వరాజ్ సార్ తమిళుడు. గట్టి మనిషి, గట్టి గొంతు. నా నియమాలు ఆయనకు తెలుసు. ఒకరోజు నలుగురిలో అన్నాడు: "ఎన్నప్పా జమీన్‌దార్, నీవు తనిఖీకి వచ్చిన కలెక్టర్ మాదిరి పోయి నిలబడితే మిషన్ కూడా అటెన్షన్‌లో నిలబడుతుంది. నీ ముందు అది ఎట్లా తప్పు చేస్తుంది?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆయన ఎగతాళిగా అన్న మాట సాంకేతికంగా ఎంత నిజమో అప్పుడు నాకు తెలియదు.

గూట్లో సరస్వతి

చింతాద్రిపేటలో, మురుగు కంపు కొట్టే కూవం ఏటి వైపు పోయే ఒక సందులో జోస్యులుగారి ఇల్లు. తరతరాలుగా జాతకాలు రాసే కుటుంబం. పెద్దాయన కాలంతో పాటు నడుద్దామని ఒక కంప్యూటర్ కొని, ఫ్లాపీల్లో జాతకం ప్రోగ్రాం తెప్పించి, వాకిట్లో 'కంప్యూటర్ జాతకం' అని తెలుగులోనూ తమిళంలోనూ బోర్డు పెట్టించాడు. ఆ రోజుల్లో అది పెద్ద ఆకర్షణ. పుట్టిన తేదీ, సమయం, ఊరు చెబితే కిర్రు కిర్రుమని ప్రింటర్ అరిచి, అంచుల్లో చిల్లులున్న కాగితం మీద జీవితమంతా వచ్చేసేది. ఆ ప్రింటర్ చప్పుడు ఇప్పుడు ఎక్కడా వినపడదు. నాకు అప్పుడప్పుడు కలలో వినపడుతుంది.

ఆయన కంప్యూటర్‌ను ముందు గదిలో, గోడలో ఉన్న పెద్ద దేవుడి గూట్లో పెట్టాడు. తెర, దాని పక్కన అసలు యంత్రం ఉండే పెట్టె, రెండూ గూట్లోనే. సరస్వతిని నేల మీద, బల్ల మీద పెట్టరాదని ఆయన పట్టు. నేను వెళ్ళినప్పుడు మాత్రం పెట్టెను బయటికి తీసి, బల్ల మీద పెట్టి, విప్పి చూసేవాణ్ణి. పైన సీలింగ్ ఫ్యాన్ గిరగిరా తిరిగేది.

ఏప్రిల్‌లో మొదటి ఫోన్ వచ్చింది. వెళ్ళాను. గంటసేపు నడిపాను. ఆగలేదు.

"ఎప్పుడు ఆగుతుంది?" అని అడిగాను.

"ఊరికే ఆగుతుంది నాయనా."

"ఏం చేస్తుంటే ఆగుతుంది?"

"ఏం చెప్పేది? దాని జాతకం నాకు తెలిస్తే నేనే వేసి చూసుకుందును కదా" అన్నాడాయన.

మెమరీ మార్చాను. రెండోసారి వెళ్ళి పవర్ సప్లై మార్చాను. వైరస్ ఉందేమోనని డిస్కంతా వెతికాను. మూడోసారి మొత్తం పెట్టెను రిక్షాలో మా ఆఫీసుకు తెచ్చి, ఏసీ గదిలో రెండు రోజులు ఆపకుండా నడిపాను. చెక్కు చెదరలేదు. తిరిగి ఇచ్చేటప్పుడు, "ప్రోగ్రాంలో దోషం ఉండవచ్చు, ప్రోగ్రాం రాసినవాళ్ళను అడగండి" అన్నాను. ఇది మన వృత్తిలో పాత విద్య. యంత్రం వాళ్ళు ప్రోగ్రాం మీద వేస్తారు, ప్రోగ్రాం వాళ్ళు కరెంటు మీద వేస్తారు, కరెంటు వాళ్ళు ఫోన్ ఎత్తరు. మీరు ఆ విద్య నేర్చుకోకండి.

మెట్ల మీద అమ్మాయి

అలా తిరిగి ఇచ్చి, నియమం ప్రకారం వెంటనే బయటికి వస్తుంటే, వాకిలి మెట్ల మీద ఒక అమ్మాయి అడ్డం నిలబడింది. ఎదురింటి మేడమీద టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే హేమ. ఆ సందులోనే వాళ్ళ అవ్వ కామాక్షమ్మతో ఉండేది. తల్లీ తండ్రీ లేరు.

"సార్, ఒక్క మాట. లోపల ఉండే మిషన్ చెడిందా, చెడలేదా?"

"అది ఆయనకు చెప్పానమ్మా."

"నాకు చెప్పండి సార్. మిషన్ అన్నా చెడుండాల, లేకుంటే నేనన్నా చెడుండాల. రెండిట్లో ఏదో ఒకటి మీ నోటితో చెప్పి పోండి."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. రాయపురం హార్బర్ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మోహన్ అనే అబ్బాయి టైపు నేర్చుకోవడానికి ఆ మేడమీదికి వచ్చాడు. ఇద్దరికీ ఇష్టమైంది. అబ్బాయి ఇంట్లో చెప్పాడు. తల్లి తిట్టలేదు, కొట్టలేదు, "జాతకం కుదిరితే నాకేం అడ్డం లేదు" అంది. రెండు వైపులవాళ్ళూ కలిసి జోస్యులుగారి దగ్గర కూర్చున్నారు. ఇద్దరి వివరాలూ వేసి పొంతన చూడబోతే కంప్యూటర్ ఆగిపోయింది. ఇంకో మంచిరోజు చూసుకొని మళ్ళీ కూర్చున్నారు. మళ్ళీ అక్కడే ఆగిపోయింది.

"ఇప్పుడు ఈ వీధంతా ఏమంటా ఉండారో తెలుసా సార్? హేమ జాతకం పెడితే మిషనే ప్రాణం వదిలేస్తుందంట. నా దగ్గర టైపు నేర్చుకునే పిల్లలు, మిస్, మీరు మా మిషన్ ముట్టుకోవద్దు అని నవ్వతారు. నేనూ నవ్వతాను. మా అవ్వ మాత్రం నవ్వడం లేదు. శుక్రవారం మళ్ళీ కూర్చుంటారంట. ఆ రోజు గాని ఆగిందంటే, మోహన్ వాళ్ళమ్మ ఇంక ఈ గడప తొక్కనని చెప్పేసింది. ఆమె తొక్కకపోతే ఇంకెవురూ తొక్కరు."

"జాతకాల గురించి నేను మాట్లాడను. మిషన్ గురించి మాత్రమే మాట్లాడతాను" అన్నాను.

"నేనూ మిషన్ గురించే కదా సార్ అడగతా ఉండేది."

బస్సులో కూర్చున్నాక, జీతం తీసుకునే నా మాటకు ఆ అమ్మాయి బతుకులో ఇంత బరువుందా అని మొదటిసారి తోచింది. ఆఫీసుకు వెళ్ళి సెల్వరాజ్ సార్‌కు చెప్పాను. ఆయన ఈసారి నవ్వలేదు.

"నీవు మిషన్‌ను చూశావు. మిషన్ ఆగడాన్ని చూశావా?"

"లేదు సార్."

"మరి ఏం రిపేర్ చేశావప్పా? శుక్రవారం పో. విప్పొద్దు. ముట్టుకోవద్దు. అది ఆగేదాకా ఆడనే కూర్చో."

"కూర్చోమంటే, వాళ్ళ ఇంటి పెళ్ళి మాటల మధ్యలోనా?"

"నిలబడితే నిలబడు. కానీ ఆడ ఉండు."

కుర్చీ

శుక్రవారం సాయంత్రం వెళ్ళాను. గది నిండా మనుషులు. చాపల మీద ఒకవైపు కామాక్షమ్మ, హేమ. రెండోవైపు రాయపురం నుంచి వచ్చిన మోహన్, వాళ్ళమ్మ. నేను వాకిలి పక్కన సంచి పట్టుకొని నిలబడ్డాను.

"ఈయన కంప్యూటర్ ఆఫీసు ఇంజనీరు" అని జోస్యులుగారు నా పేరు, ఇంటిపేరు చెప్పాడు.

కామాక్షమ్మ తల ఎత్తింది. "ఏ ఊరు నాయనా మీది?"

ఊరి పేరు చెప్పాను.

"ఆడ ఎర్ర బంగళా ఉండె కదా, ముందర రెండు ఫిరంగులు పెట్టుండేది?"

"అది మా తాతగారి ఇల్లు."

ఆమె మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి నిలబడింది. "సామీ! ఆ ఇంటి ఆడోళ్ళకు చీరలు నేసింది మా మామ. ఏడాదికొకసారి మూట కట్టుకొని పోయేవాడు. ఆడ అన్నం పెట్టందే పంపేవాళ్ళు కాదంట. మీరు ఈడ నిలబడుంటే నేను కూర్చోవచ్చునా? హేమా, కుర్చీ తేమ్మే!"

"వద్దమ్మా. నేను పని మీద వచ్చాను."

"పనే కదా ఇదీ. మా ఇంటి పిల్లకు సంబంధం మాట్లాడతా ఉండాం. మగదిక్కు లేని ఇల్లు. మీ ఇంటి మనిషి ఒకరు ఆ కుర్చీలో కూర్చుంటే మాకు అదే దిక్కు."

"నాకు నియమం ఒకటుందమ్మా..."

"మీ తాత అయితే కూర్చునేవాడు" అంది.

ఈ మాటకు ఎదురు చెప్పే శక్తి నా వంశంలో ఎవరికీ లేదు. కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి ఒక కస్టమర్ ఇంట్లో, సంచి కింద పెట్టి, పెద్దమనిషిగా కూర్చున్నాను. నా వెన్ను కుర్చీకి తగలలేదు, అది వేరే సంగతి.

చొక్కా తడిసింది

జోస్యులుగారు మొదలుపెట్టాడు. గూట్లో తెర మీద కుంకుమ బొట్టు పెట్టాడు. గూటి అంచున, పెట్టె ముందు, ఇత్తడి దీపం పెట్టి నిండా నూనె పోసి వత్తి వెలిగించాడు. పక్కన సాంబ్రాణి కుంపటి పెట్టాడు. తరువాత గోడ దగ్గరికి వెళ్ళి సీలింగ్ ఫ్యాన్ ఆపేశాడు.

"ఫ్యాన్ ఎందుకు ఆపారు?" అని అడిగాను.

"దీపం ఆరిపోదా నాయనా? రెండు వంశాలు కలిపేటప్పుడు దీపం సాక్షి. ఆరకూడదు."

"ఎప్పుడూ ఇలాగే చేస్తారా?"

"ఒక్క జాతకం రాసేదానికి దీపం ఎందుకు? ఎవరైనా కాగితాలు ఇచ్చిపోతే ఫ్యాన్ కింద కూర్చొని వేసేస్తాను. ఇట్ల రెండిళ్ళవాళ్ళూ ఎదురెదురుగా కూర్చుంటేనే దీపం. అది మా నాయన పెట్టిన ఆచారం."

మంత్రం చదివాడు. గోత్రాలు అడిగాడు. మోహన్ వాళ్ళమ్మ తన అత్తగారి వైపు బంధువుల గురించి చెప్పింది, కామాక్షమ్మ తన వైపు చెప్పింది. మే నెల మద్రాసు. గాలి చచ్చిపోయింది. నా మెడ దగ్గర టై ముడి కింద చెమట మొదలై వీపు మీదుగా కారసాగింది. చొక్కా ఒంటికి అతుక్కుంది. నేను కూర్చున్నది గదిలో, దీపానికి దూరంగా. నాకే ఇలా ఉంటే, మూడు వైపులా గోడ, ఎదుట మంట, కుంపటి, ఆ గూట్లో ఇరుక్కొని కూర్చున్న యంత్రానికి ఎలా ఉంటుంది?

నేను ఎప్పుడు వచ్చినా దాన్ని బల్ల మీదికి తీశాను. ఫ్యాన్ గాలిలో చూశాను. ఏసీ గదిలో చూశాను. అది జబ్బుపడే చోట తప్ప అన్ని చోట్లా చూశాను.

అర్థమైంది. చెప్పబోయాను. అంతలో మోహన్ వాళ్ళమ్మ అంది: "ఏంది జోస్యులుగారూ, మళ్ళీనా?"

తెర మీద హేమ పేరు, పక్కన మోహన్ పేరు. కింద అక్షరాలు సగంలో నిలిచిపోయాయి. జోస్యులుగారు మీటలు నొక్కుతున్నాడు. ఏదీ పలకలేదు.

ఆమె లేచింది. చీర కొంగు నడుముకు దోపింది. "నాకేం కోపం లేదమ్మా కామాక్షమ్మా. పిల్ల బంగారం మాదిరుండాది. కానీ దేవుడు ముమ్మారు చెప్పినంక కూడా నేను వినకుంటే, రేపు నా బిడ్డకు ఏమన్నా అయితే ఎవుర్ని అడగాల? లేరా మోహనూ."

మోహన్ లేవలేదు. "అమ్మా, ఉండు" అన్నాడు గొణుగుతూ. హేమ ఎవరినీ చూడటం లేదు. ఆ తెరను చూస్తోంది. కళ్ళు తుడుచుకోలేదు, తల దించలేదు. ఆ నిలువు నాకు తెలిసినదే.

నేను లేచి వాకిలికి అడ్డంగా నిలబడ్డాను.

"కూర్చోండమ్మా" అన్నాను.

నా గొంతులో ఆ క్షణం ఎవరి గొంతు వచ్చిందో నాకు తెలియదు. ఆమె కూర్చుంది.

"ఇది దేవుడు చెప్పిన మాట కాదు. ఈ మిషన్ బాధ్యత మా కంపెనీది, ఈ గదిలో ఇప్పుడు అది నాది. ఎందుకు ఆగిందో నేను చూపిస్తాను. చూశాక కూడా మీకు వెళ్ళాలనిపిస్తే నేనే ఆటో పిలుస్తాను. ఇటు రండి, ఈ పెట్టె మీద చెయ్యి పెట్టండి."

ఆమె భయం భయంగా వేళ్ళు ఆనించి చటుక్కున తీసేసింది. "అమ్మాడీ! దోసె పెనం మాదిరి కాలతా ఉండాదే!"

"లోపల దాని మెదడు ఇంకా ఎక్కువ వేడిగా ఉంది. వేడి ఎక్కువైతే అది ఆలోచించడం మానేస్తుంది. ఈ అమ్మాయి జాతకం పెట్టినా ఆగుతుంది, నా జాతకం పెట్టినా ఆగుతుంది. ఇద్దరు మనుషులను ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఫ్యాన్ ఆపి, దీపం పెట్టినప్పుడల్లా ఆగుతుంది."

జోస్యులుగారి ముఖం మారింది. "ఫిబ్రవరిలో ఒక సంబంధానికి కూడా ఒకసారి ఆగింది నాయనా. కరెంటు అనుకున్నాను" అన్నాడు మెల్లగా.

వాక్కు ఎక్కడుంటుంది

ఇక్కడితో కేసు అయిపోయిందని మీరు అనుకుంటారు. కాలేదు. పెట్టెను గూట్లోంచి తీయాలంటే జోస్యులుగారు ఒప్పుకోలేదు.

"సరస్వతిని గూట్లోంచి దించమంటావా?"

"దీపం అయినా దించండి."

"దీపం లేకుండా పొంతన చూస్తే వీళ్ళు ఒప్పుకుంటారా? అడుగు."

మోహన్ వాళ్ళమ్మ తల అడ్డంగా ఊపింది. దీపం లేకుండా చూసింది చెల్లదట. యంత్రం మీద అనుమానం తీరాక ఆమెకు ఆచారం మీద పట్టుదల పెరిగింది.

మీరు గుర్తుంచుకోవలసిన చోటు ఇది. కస్టమర్ నమ్మకంతో తగువు పెట్టుకోవడం ఇంజనీరు పని కాదు. ఆ నమ్మకం ఉన్న గదిలోనే మిషన్ పనిచెయ్యాలి. నాకూ ఆచారాలున్న ఇల్లే. ఆయన పట్టు నాకు తప్పుగా తోచలేదు.

"జోస్యులుగారూ, ఈ రెండిట్లో సరస్వతి ఎక్కడ ఉంటుంది? తెరలోనా, పెట్టెలోనా?" అని అడిగాను.

ఆయన ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు. "రెండిటి పని ఏమిటో చెప్పు."

"పెట్టె లెక్క కడుతుంది. తెర పైకి చెబుతుంది."

"లెక్క కట్టేది గుమాస్తా పని. పైకి పలికేదే వాక్కు. అయితే అమ్మ తెరలోనే ఉంటుంది" అని తీర్పు ఇచ్చాడు. "గుమాస్తాను ఎక్కడ కూర్చోబెట్టినా తప్పు లేదు. నేల మీద మాత్రం వద్దు, పీట వెయ్యి."

హేమ లోపలికి పరుగెత్తి పీట తెచ్చింది. కిటికీ కింద పీట వేసి, పెట్టెను దాని మీద పెట్టి, వైర్లు సాగినంత మేర సర్ది, మూత విప్పేశాను. తెర గూట్లోనే ఉంది. దీపం దాని ముందే ఉంది. ఫ్యాన్ ఆపే ఉంది. కూవం మీదుగా ఒక రకం గాలి వస్తోంది. ఆ గాలికి అంతకు ముందు ఎవరూ సంతోషించి ఉండరు.

పెట్టె చల్లారేదాకా అందరం కూర్చున్నాం. మోహన్ ఒకసారి హేమ వైపు చూసి, వాళ్ళమ్మ చూసిందని తల తిప్పుకున్నాడు. తరువాత స్విచ్ వేశాను. జోస్యులుగారు మళ్ళీ పేర్లు కొట్టాడు, నక్షత్రాలు కొట్టాడు. అక్షరాలు సగం దాకా వచ్చాయి. సగం దాటాయి. తెర కిందికి జరిగింది. ప్రింటర్ కిర్రుమంది.

కామాక్షమ్మ రెండు చేతులూ జోడించింది. ఏ దేవుడికో నాకు తెలియదు.

కాగితం చింపి, కళ్ళద్దాలు పెట్టుకొని, జోస్యులుగారు చదవడం మొదలుపెట్టాడు. దినం కుదిరింది. రాశి కుదిరింది. రజ్జు కుదిరింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగాడు. మిషన్ ఆగకుండా చేశాను, ఈయన ఆగితే నేనేం చేయను?

"ఏంది, చెప్పండి" అంది మోహన్ వాళ్ళమ్మ.

"గణం కుదరలేదమ్మా. అబ్బాయిది దేవగణం. అమ్మాయిది రాక్షస గణం."

నాకు ఆ శాస్త్రం తెలియదు, నమ్మకం కూడా తక్కువే. అయినా ఆ మాట చెవిన పడగానే, యంత్రాన్ని ఇంత నిజాయితీగా బాగు చేయవలసింది కాదేమో అనిపించింది.

మోహన్ వాళ్ళమ్మ వంగి కాగితం వైపు చూసింది. తరువాత గట్టిగా ఊపిరి వదిలింది.

"ఇంతేనా?"

"ఇంతేనమ్మా. మిగతాది దివ్యంగా ఉంది."

"అబ్బ! నేను ఏమేమో అనుకొని నెల దినాలుగా నిద్ర లేకుండా ఉండాను. గణం కుదరకుంటే శాంతి ఉండాది కదా?"

"ఉంది. చిన్న శాంతి. ఒక పూట పని."

"మరి చెయ్యండి. నాదీ రాక్షస గణమే. మా ఆయనది దేవగణం. ఆయన ఈ పొద్దుకీ నేను చెప్పినట్టే వింటా ఉండాడు, బాగానే ఉండాడు." అని హేమ వైపు తిరిగింది. "ఏమ్మే, మా ఇంట్లో ఇద్దరం రాక్షసులం అవుతాం. సరిపోతుందా?"

"సరిపోతుంది అత్తా" అంది హేమ. అత్తా అన్న మాట నోట్లోంచి వచ్చాక తనే ఉలిక్కిపడింది.

ఇంత కాలం ఈ వృత్తిలో ఉండి నేను గమనించింది ఇదే. పేరున్న తప్పుకు ఎవరూ భయపడరు. పవర్ సప్లై పోయిందంటే కస్టమర్ నిశ్చింతగా మార్పించుకుంటాడు. గణం కుదరలేదంటే శాంతి చేయించుకుంటాడు. ఎందుకో తెలియకుండా ఆగిపోయేదే మనిషిని కుంగదీస్తుంది. మన పని ఆ తెలియనిదానికి ఒక పేరు పెట్టి ఇవ్వడం. తక్కినదంతా స్క్రూడ్రైవర్ పని.

సంచి సర్దుకున్నాను. మూత బిగించవద్దని, ఎండలు తగ్గేదాకా పెట్టె పీట మీదే ఉండాలని జోస్యులుగారికి చెప్పాను. లోపల ముహూర్తాల మాటలు మొదలయ్యాయి. ఎవరి గొంతూ ఇంకొకరికి వినపడటం లేదు. నేను మెట్లు దిగి సందులోకి వచ్చేసరికి, ఎదురింటి మేడమీద టైపు ఇన్‌స్టిట్యూట్ కిటికీల్లోంచి హేమ దగ్గర నేర్చుకునే పిల్లలు తలలు బయటపెట్టి ఏమైందోనని చూస్తున్నారు. వెనక నుంచి చెప్పుల చప్పుడు. హేమ చేతిలో ఆ పొడుగు కాగితం పట్టుకొని వాకిట్లోకి వచ్చింది. నన్ను చూసి, తరువాత తల ఎత్తి ఆ కిటికీలన్నిటికీ వినపడేలాగ, నవ్వు ఆపుకోలేక అరిచింది:

"సార్! నాలో దోషం ఉండాదంట సార్!"

ఆ మాటను అంత సంతోషంగా చెప్పినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.